దేహమునందలి విత్తనపు గింజలు



నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి విశ్రాంతి తీసికొన్నవాడను. వ్యాకరణమును, కావ్యములును చదువుకొంటిని. పిల్లలకు తెలుగుతోపాటు ప్రకృతిశాస్త్రపు తొలి పాఠములు గూడ చెప్పితిని. వైద్యుడను మాత్రము గాను. అట్టి నేను మూలకణములను గూర్చి ప్రసంగింప బూనుటకు మా యూర జరిగిన రెండు సంగతులు కారణము.

మొదటిది. మా వీధిలో ఏడేండ్ల పిల్లవాడొకడు తాతగారి తాంబూలపు పెట్టెలోని సున్నపు పొట్లమును తీసి, ఆటగా అరచేతుల నడుమ నొక్కెను. పొట్లము పగిలి సున్నము కుడికంట పడెను. కొలదినాళ్లలో ఆ కంటి నల్లగ్రుడ్డుపై తెల్లని పొర క్రమ్మి, దానిమీద ఎఱ్ఱని నాళములు ప్రాకి, చూపు పోయెను. రెండేండ్ల పిమ్మట వైద్యులు వాని ఎడమకంటినుండి నువ్వుగింజంత ముక్కను తీసి, దానిని మఱల చిన్న తునుకలుగా కోసి, చెడిన కంటిపై నాటిరి. ఇప్పుడా బాలుడు ఆ కంటితోడనే పలకమీది అక్షరములను చదువుచున్నాడు.

రెండవది. మా యూరి రైతొకడు పక్షవాతముచేత కాలును చేయియు పడిపోయి మంచము పట్టెను. “మూలకణములు ఎక్కింతుము, ఆరు మాసములలో లేచి నడచును” అని ఒక పట్టణమున ఎవరో చెప్పగా నమ్మి, అతని కొడుకులు రెండెకరముల మాగాణి అమ్మి ఆ సూదులు వేయించిరి. రైతు ఇప్పటికిని మంచముననే యున్నాడు. పొలము మాత్రము పోయినది.

రెండు చోటులను వినబడిన పేరు ఒక్కటే. ఆ పేరుగలది ఒకచోట చూపు నిచ్చెను. మఱియొకచోట పొలమును తినెను. “పంతులుగారూ, ఇందులో నిజమెంత, మోసమెంత?” అని రచ్చబండయొద్ద పెద్దలు నన్నడిగిరి. అప్పుడు నాకు జవాబు తెలియలేదు. తరువాత చదివియు, తెలిసినవారి నడిగియు గ్రహించినదానిని నేడు మీకు మనవి చేయుచున్నాను.

మన దేహము కణములచేత నిర్మింపబడినది. 1665వ సంవత్సరమున ఆంగ్లదేశీయుడగు రాబర్ట్ హుక్ బెండుముక్కను పలుచగా కోసి సూక్ష్మదర్శినితో చూడగా, తేనెపట్టులోని గదులవంటివి కానవచ్చెను. 1838, 1839 సంవత్సరములలో జర్మనీదేశపు ష్లైడెన్, ష్వాన్ అను నిరువురు చెట్లును, జంతువులును గూడ కణమయములే యని స్థాపించిరి. 1855లో విర్కో అను వైద్యుడు కణమునుండియే కణము పుట్టునుగాని వేఱొకదానినుండి పుట్టదని చాటెను. ఆ మాట నేటికిని నిలిచియున్నది.

పెరిగిన మనుష్యుని దేహమున సుమారు 30 లక్షల కోట్ల కణములున్నవని లెక్క. వానిలో 200కు పైగా జాతులు గలవు. నడుమునుండి కాలివ్రేళ్లవఱకు గజమునకు మించిన పొడవుగల తీగెను చాచిన నరపు కణమొకటి. చిన్న పళ్లెరమువలె గుండ్రనై, ప్రాణవాయువును మోయుచు తిరుగు ఎఱ్ఱ కణమొకటి. ముడుచుకొనుట, సాగుట తప్ప వేఱు పని యెఱుగని కండర కణమొకటి. రూపమున గాని, పనియందు గాని వీనికి పోలిక లేదు. అయినను ఇవన్నియు తల్లి గర్భమున ఫలించిన ఒకే అండకణమునుండి పుట్టినవి. ఆ అండము వెడల్పు మిల్లీమీటరులో పదవ వంతు మాత్రమే.

ఇచట రెండు ప్రశ్నలు పుట్టును. ఒక్క కణమునుండి ఇన్ని జాతులు ఎట్లేర్పడినవి? ఏర్పడినవి అరిగిపోయినప్పుడు క్రొత్తవి ఎచటనుండి వచ్చును? మొదటి ప్రశ్నను ముందు చూతము.

దాదాపు ప్రతి కణమునందును నడుమ ఒక కేంద్రమున్నది. దానిలో సన్నని దారమువంటి పదార్థము చుట్టబడియున్నది. ఒక్క కణములోని దారమును విప్పి చాచినచో సుమారు రెండు మీటర్ల పొడవుండును. దేహమును కట్టుటకును, నడుపుటకును కావలసిన విధులన్నియు ఆ దారముమీద వ్రాయబడియున్నవి. మాంసకృత్తులను చేయుటకు చెప్పు విధులే సుమారు 20,000 కలవు. వానికి జన్యువులని పేరు. దీనిని మనము గ్రంథమందము.

విశేష మేమనగా, దాదాపు ప్రతి కణమునందును ఉన్న గ్రంథ మొక్కటే. కంటికణమునకు వేఱు పుస్తకము, కాలేయపు కణమునకు వేఱు పుస్తకము లేవు. ఊరిలో ఇంటింటను ఒకే పెద్దబాలశిక్ష యున్నదనుకొనుడు. లెక్క చూచుకొనవలసినవాడు ఎక్కముల పుట తెఱచును. తిథివారములు కావలసినవాడు మఱియొక పుట తెఱచును. పుస్తక మొక్కటే, తెఱచిన పుటలు వేఱు. కణముల సంగతియు నట్లే. కంటికణము కంటికి వలసిన పుటలను తెఱచి, తక్కినవానిని మూసియుంచును. కాలేయపు కణము వేఱు పుటలను తెఱచును. కణము ఒక వృత్తిని గైకొని తన్ను తాను మలచుకొనుట యనగా ఇదియే.

పుటలు మూయబడుట యెట్లు? ఆ దారము మాంసకృత్తులనెడి చిన్న ఉండలకు చుట్టుకొనియుండును. బిగువుగా చుట్టబడిన భాగమును కణము చదువలేదు. సడలిన భాగమునే చదువగలదు. ఇంతేగాక, దారముమీద అచటచట సూక్ష్మమగు రసాయనపు గుఱుతులు అంటింపబడియుండును. కణము రెండుగా చీలినప్పుడు గ్రంథముతోపాటు ఈ గుఱుతులు గూడ చాలవఱకు పిల్లకణములకు సంక్రమించును. కావుననే కాలేయపు కణమునకు కాలేయపు కణమే పుట్టుచున్నది.

మఱి మొట్టమొదట ఏ పుట తెఱవవలెనో చెప్పువారెవరు? పొరుగువారు. 1924లో జర్మనీదేశమున స్పేమన్ అను నాచార్యుడును, హిల్డె మాంగోల్డ్ అను ఆయన శిష్యురాలును, నీటిబల్లివంటి ఒక జంతువుయొక్క లేత పిండమునుండి చిన్న భాగమును కోసి, వేఱొక పిండముయొక్క కడుపువైపున నాటిరి. అచట పొట్టచర్మము కావలసిన కణములు ఈ క్రొత్త పొరుగువారి ప్రేరణచేత తమ దారిని మార్చుకొని, వెన్నును, నరములను గట్టినవి. ఒకే పిండమునకు అంటుకొని రెండవ పిండమే యేర్పడెను. పొరుగు కణములు విడుచు రసములు, వాని మోతాదు, కణమున్న స్థానము, ఇవియే తొలి యాజ్ఞలు. ఈ పనికిగాను స్పేమనునకు 1935లో నోబెల్ బహుమాన మొసగబడెను.

ఆయుర్వేదమున రసము, రక్తము, మాంసము, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రము అని సప్తధాతువులు చెప్పబడినవి. నేటి శాస్త్రమును అందులో వెదకుట నా యుద్దేశము గాదు. ఆ ధాతువను మాట వ్యాకరణమునను కలదుగదా, దానిని మాత్రము గైకొందును. ‘కృ’ యను ధాతువు ఒక్కటే. చేరిన ప్రత్యయమును బట్టి అది కర్త యగును, కర్మ యగును, కార్యము, క్రియ, కృతి, కారణము అగును. ధాతువున ఈ శక్తులన్నియు నున్నవి. ఒకమారు కర్త యైన తరువాత ఆ మాట కార్యము కాజాలదు. కణమునకు పొరుగువారి యాజ్ఞలు ప్రత్యయములవంటివి.

అయితే, వృత్తి గైకొన్న కణము తనకు పనిలేని పుటలను చించి పాఱవేయునా, లేక మూసి మాత్రము ఉంచునా? ఈ సంశయమును తీర్చినవాడు ఆంగ్లదేశమున జాన్ గర్డన్. 1962లో ఆయన ఒక కప్పయండములోని కేంద్రమును నశింపజేసి, దాని స్థానమున తోకకప్ప ప్రేగులోని కణముయొక్క కేంద్రము నుంచెను. అట్టివానిలో కొన్ని అండములు పెరిగి ఈదులాడు తోకకప్పలైనవి. ప్రేగుకణములో కన్నును గూర్చిన పుటయు, గుండెను గూర్చిన పుటయు చెడక మూసియున్నవని దీనివలన తేలెను. పుస్తకము చినుగలేదు. ఈ సంగతిని మనసునం దుంచుకొనుడు. దీనితో మరల పని గలదు.

ఇక రెండవ ప్రశ్న. రక్తములోని ఎఱ్ఱ కణము తన పని కొఱకు గొప్ప త్యాగము చేయును. ప్రాణవాయువును మోయు ఎఱ్ఱని పదార్థమునకు చోటు చాలునట్లు తన కేంద్రమును, అనగా గ్రంథమునంతటిని, బయట పాఱవేయును. గ్రంథము లేనిది సంతానమును కనలేదు. సుమారు 120 దినములు తిరిగి నశించును. ప్రేగు లోపలి పొర నాలుగైదు దినములకు మాఱును. చర్మపు పైపొర ఇంచుమించు నెలకొకమాఱు క్రొత్తదగును. ఇంత వ్యయమునకు తగిన ఆదాయ మెచటనుండి?

రైతు తన పంటనంతయు తినడు. ఎంత కఱవు వచ్చినను విత్తనపు గింజలను వేఱుగా దాచియుంచును. వానిలో కొన్నింటిని చల్లి పంట తీయును. పంటలోనుండి మరల విత్తనము తీసి దాచును. విత్తనము తినివేసిన యింట మఱుసటి ఏడు పొయ్యి వెలుగదు. దేహమును ఇట్లే చేయుచున్నది. కొన్ని కణములను ఏ వృత్తిలోను పెట్టక దాచియుంచినది. అవియే మూలకణములు. వానికి రెండు లక్షణములు కలవు. తాము చీలి తమవంటివానినే పుట్టించుకొని నిలువ తఱుగకుండ చూచుకొనుట ఒకటి. వలసినప్పుడు వృత్తి గైకొను కణములను పుట్టించుట రెండవది. ఈ రెండును గలదే మూలకణము.

విత్తులన్నియు ఒక్క జాతివి కానట్లు మూలకణములును తరగతులుగా నున్నవి. ఫలించిన అండమును, దాని తొలి చీలికలలోని కణములును సర్వసమర్థములు. శిశువునేగాక మావిని గూడ కట్టగలవు. ఒకే అండమునుండి కవలలు పుట్టుటయే ఇందుకు సాక్ష్యము. ఐదాఱు దినములు గడచిన పిండమున లోపలి గుంపుగా నుండు కణములు దేహములోని ఏ జాతినైనను పుట్టింపగలవు, మావిని గట్టవు. చుంచెలుక పిండమునుండి వీనిని తీసి గాజుపాత్రలో పెంచుట 1981లోను, మనుష్య పిండమునుండి తీసి పెంచుట 1998లో అమెరికాయందు థామ్సన్ చేతను జరిగెను. పిండము నశించును గావున ఇది ధర్మమా అను వివాదము అనేక దేశములలో చెలరేగెను.

మూడవ తరగతివి పెరిగిన దేహమునందు వారివారి నెలవులలో దాగియున్నవి. ఎముకల మూలుగలోనివి రక్తజాతులన్నిటిని పుట్టించును, చర్మమును పుట్టింపవు. చర్మపు అడుగుపొరలోనివి చర్మమునే పుట్టించును. కండరపు పోగుల ప్రక్కన నిద్రించుచుండునవి గాయమైనప్పుడు లేచి కండరమునే పూడ్చును. కందులు చల్లి వరి కోయలేనట్లు, ఈ తరగతిలో ఏ విత్తునకు ఆ పంటయే.

అన్ని పొలములకును విత్తుల నిలువ సమానముగా లేదు. రక్తమునకును, ప్రేగునకును పుష్కలము. గుండెకు అత్యల్పము. 1963కు ముందు జరిగిన అణ్వస్త్ర ప్రయోగములవలన గాలిలో హెచ్చిన ఒకవిధమగు బొగ్గుపరమాణువును గుఱుతుగా గొని స్వీడనుదేశపు శాస్త్రజ్ఞులు 2009లో లెక్కవేసిరి. గుండె కండర కణములలో ఏటికి నూటికి ఒకటికి మించి క్రొత్తవి పుట్టుటలేదని తేలెను. మెదడునందును స్థితి ఇంచుమించు ఇంతే. పక్షవాతమున చచ్చిన మెదడుభాగము పుండువలె మానకపోవుటకు కారణమిదియే. మా రైతు సంగతి ఇచట తలచుకొనుడు.

మూలకణము ఊహ కాదని నిరూపించినది రక్తమే. 1961లో కెనడాదేశపు టొరొంటో నగరమున టిల్, మెకల్లోక్ అను నిరువురు, తీవ్రకిరణములచేత మూలుగ నశించిన చుంచెలుకలకు ఇతర చుంచెలుకల మూలుగను ఎక్కించిరి. పది దినములకు వాని ప్లీహమున చిన్న బొడిపెలు కనబడెను. ఎక్కించిన మూలుగకొలది బొడిపెలు లెక్కగా హెచ్చెను. ప్రతి బొడిపెయు ఒక్కొక్క కణమునుండి పుట్టినదనియు, అందులో ఎఱ్ఱ కణములు మొదలు అనేక జాతులున్నవనియు 1963లో స్థిరపఱచిరి. ఒక్క గింజ చల్లగా ఒక దుబ్బు మొలచి, ఆ దుబ్బున పలువిధములగు వెన్నులు వచ్చినట్లయ్యెను.

వ్యాధిగ్రస్తులకు మూలుగను మార్చు విధానమును దీర్ఘకాలము సాధన చేసి స్థాపించిన అమెరికావైద్యుడు డొనాల్ థామస్. ఆయనకు 1990లో నోబెల్ బహుమానము వచ్చెను. మనదేశమున తొలి మూలుగ మార్పిడి 1983లో ముంబయి టాటా స్మారక వైద్యశాలయందు జరిగెను. రక్తపు క్యాన్సరులలో కొన్నింటికిని, పుట్టుకతోడనే రక్తము సరిగా ఊరని తలసీమియా వ్యాధికిని ఇది స్థిరపడిన చికిత్స. విత్తులు శిశువు బొడ్డుతాడు రక్తమునందును ఉన్నవి. 1988లో పారిసునగరమున గ్లూక్మన్ అను వైద్యురాలు ఒక బాలునకు వాని చెల్లెలి బొడ్డుతాడు రక్తమును ఎక్కించి నయము చేసెను.

ఈ మార్పిడికి ఇచ్చువారి కణములమీది గుఱుతులును, పుచ్చుకొనువారి కణములమీది గుఱుతులును సరిపోవలెను. తోబుట్టువులలో ఒక్కొక్కరికి సరిపోవుటకు నాలుగింట ఒక పాలు అవకాశము గలదు. ఇచటనే మన గ్రామములలో ఒక భయము అడ్డుపడుచున్నది. “వెన్నుపూసలోనుండి తీయుదురు, నడుము పడిపోవును, పిల్లవాడు పనికిరాకుండ పోవును” అని పెద్దలే వారించుచున్నారు. ఇది నిజము గాదు. మూలుగను వెన్నుపామునుండి తీయరు. మత్తు ఇచ్చి, వెనుక తుంటియెముకలోనుండి సూదితో తీయుదురు. లేదా, కొన్ని దినములు మందు ఇచ్చి, విత్తులు మూలుగనుండి రక్తములోనికి దిగునట్లు చేసి, చేతి నరమునుండియే యంత్రముతో వడగట్టుదురు. కొన్నాళ్లు ఒళ్లునొప్పులుండును. ఇచ్చిన మూలుగ కొలదివారములలో మరల నిండును. తోబుట్టువునకు మూలుగ ఇయ్యవచ్చునని వైద్యులు చెప్పినయెడల మీ మాట అడ్డు గాకుండుగాక. ఇంటిలో పెద్దవాని ఒక్క మాట ఒక బిడ్డ ఆయుర్దాయమును మార్చగలదు.

ఇప్పుడు మా వీధి బాలుని కంటి సంగతికి వత్తము. నల్లగ్రుడ్డుమీద గాజుబిళ్లవలె స్వచ్ఛమగు పొరయొకటి యున్నది. దానిని కార్నియా యందురు. దాని పైతట్టు కణములు ఎల్లప్పుడును రాలుచు, క్రొత్తవి వచ్చుచుండును. ఆ క్రొత్తవానికి విత్తులు నల్లగ్రుడ్డునకును, తెల్లగ్రుడ్డునకును నడుమ సన్నని గట్టుమీద నున్నవి. ఆ గట్టు విత్తులకు నెలవేగాక హద్దు గూడ. తెల్లగ్రుడ్డుమీది నాళములతోడి పొరను కార్నియామీదికి రానీయదు.

సున్నము ఆ గట్టును కాల్చివేసెను. విత్తులు నశించెను. హద్దు పోయెను. చేను పాడుపడగా కలుపు ప్రాకినట్లు, తెల్లగ్రుడ్డు పొర నాళములతోసహా నల్లగ్రుడ్డును కప్పివేసెను. ఇట్టి కంటికి మృతులు దానమిచ్చిన కార్నియాను మాత్రము అతికించినను అది నిలువదు. నేల మార్చిరిగాని విత్తు వేయలేదు.

విత్తును వేయు విధానమున మన హైదరాబాదునందలి ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ లోకమున పేరొందినది. తొలుత గట్టునుండి తీసిన కణములను ప్రయోగశాలలో పెంచి నాటుచుండిరి. దానికి వ్యయమును, దినములును హెచ్చు. 2012లో ఆ సంస్థకు చెందిన సాంగ్వాన్, ఆయన తోడివారు సులభమగు త్రోవను ప్రకటించిరి. మంచికంటి గట్టునుండి సుమారు రెండు మిల్లీమీటర్ల ముక్కను తీసి, ఎనిమిది పది తునుకలుగా కోసి, చెడిన కంటిపై ప్రాకిన పొరను తొలగించి, ప్రసవానంతరము శుద్ధిచేసి దాచిన మావి లోపలి పలుచని పొరను పఱచి, దానిమీద ఈ తునుకలను జిగురుతో అంటింతురు. కణములు అచటనే మొలచి వ్యాపించును. ఒక కన్ను కాలి చెడిన 125 మందికి ఇట్లు చేయగా 95 మందికి కంటి పైపొర స్వచ్ఛముగా నిలిచినట్లు 2016లో తెలిపిరి. మన నారుమడి పద్ధతి ఇంతకంటె భిన్నమా? అయితే రెండు కన్నులును కాలినవానికి స్వంత విత్తు ఉండదు. అది కష్టతరమగు సంగతి.

విత్తు లేని అవయవములకు దారి యేది? గర్డన్ చూపిన సత్యము ఇచట అక్కఱకు వచ్చెను. పుటలు మూసియున్నవేగాని చినుగలేదుగదా! అట్లయిన వానిని మరల తెఱవరాదా? జపానుదేశమున క్యోటో విశ్వవిద్యాలయపు యమనాక 24 జన్యువులను ఏరి, పరీక్షించి, తుదకు నాలుగు చాలునని తేల్చెను. 2006లో చుంచెలుక చర్మమునుండి తీసిన కణములను, 2007లో మనుష్యుని కణములను, ఆ నాలుగింటి సహాయముచేత వెనుకకు మరలించి, పిండములోని కణములవంటి విత్తులుగా మార్చెను. పిండమును చెఱచు పని తప్పెను. 2012లో గర్డనునకును, యమనాకకును కలిపి నోబెల్ బహుమాన మిచ్చిరి. 2014లో జపానునందు ఇట్టి విత్తులనుండి పెంచిన పొరను కంటి లోపలి తెర చెడిన ఒక వృద్ధస్త్రీకి అమర్చిరి. చూపు ఎక్కువగా మెఱుగుపడకున్నను, తఱుగుట ఆగెను. ఆశ గలదు. అయితే కట్టుతప్పిన విత్తు గంతియై పెరుగు ప్రమాదము గూడ గలదు. అందుచేతనే శాస్త్రజ్ఞులు అడుగడుగున పరీక్షించుచు పోవుచున్నారు.

ఆ ఆశనే కొందఱు అమ్ముకొనుచున్నారు. మోకాళ్లకు, మధుమేహమునకు, పక్షవాతమునకు, బుద్ధిమాంద్యమునకు ఒకే సూది యందురు. ఏ విత్తునకు ఆ పంటయే యను న్యాయమును మఱచినచో ఏమగునో ఒక సంగతి చెప్పెదను. అమెరికాయందు ఫ్లోరిడా రాష్ట్రమున ముగ్గురు వృద్ధస్త్రీలు చూపు మందగించుటచే ఒక చికిత్సాలయమునకు పోయి సొమ్ము చెల్లించిరి. వారి పొట్టకొవ్వునుండి తీసిన కణములను మూలకణములని చెప్పి రెండు కన్నులలోను ఎక్కించిరి. ముగ్గురికిని ఉన్న చూపు గూడ చాలవఱకు పోయెను. ఈ వృత్తాంతము 2017లో వైద్యపత్రికలో ప్రకటితమైనది. హైదరాబాదులో కంటి విత్తును కంటికే వేసిరి. అచట కొవ్వులోనిదానిని కంట వేసిరి. వెలుగునకును, చీకటికిని నడుమనున్న భేదమంతయు ఇందులోనే యున్నది.

మన భారత వైద్య పరిశోధనా మండలి గూడ 2017నాటి మార్గదర్శక సూత్రములలో, స్థిరపడని వ్యాధులకు మూలకణములను ఎక్కించుట అనుమతి పొందిన పరిశోధనలో తప్ప చేయరాదని స్పష్టముగా చెప్పినది. మధుమేహము, పక్షవాతము మొదలగునవి ఆ కోవలోనివే. బొడ్డుతాడు రక్తమును ఆ బిడ్డ కొఱకే ఏటేట సొమ్ము కట్టి దాచుటను గూడ మండలి ప్రోత్సహింపలేదు. ఆలోచింపుడు: పుట్టుకతోడనే తలసీమియా గల బిడ్డకు తన బొడ్డుతాడు రక్తమే మందు కాజాలదు. ఆ విత్తులోనే ఆ తెగులున్నది. ఇంటిలో అట్టి రోగముతో ఇదివఱకే బాధపడు అన్నయో అక్కయో యున్నచో సంగతి వేఱు. అప్పుడు వైద్యుని యాలోచన ప్రకారము దాచవలెను.

ఎవరైన మీకడకు వచ్చి మూలకణ చికిత్స యని చెప్పినచో మూడు ప్రశ్నలడుగుడు. ఆ కణములు దేహమున ఏ చోటనుండి తీసినవి, వానికి సహజమగు పంట యేది? ఇది స్థిరపడిన చికిత్సయా, పరీక్షయా. పరీక్షయైనచో 2007లో స్థాపింపబడిన భారత చికిత్సా పరీక్షల పట్టికలో నమోదైనదా? పరీక్షయే యైనచో రోగియొద్ద సొమ్మేల తీసికొనుచున్నారు? ఈ మూటికి తిన్నని జవాబు రాని చోట సంతకము పెట్టకుడు, పొలము అమ్మకుడు.

మా రైతు పెద్దకొడుకు మొన్న నాయొద్దకు వచ్చి, ఈ సంగతులన్నియు విని, “పంతులుగారూ, ఈ మూడు ప్రశ్నలు ఆనాడు మాకు తెలిసియున్న నాన్నగారు నడిచియుండెడివారా?” అని అడిగెను. నడిచియుండరు, నాయనా, అంటిని. మఱి పొలము? అని మరల అడిగెను. దానికి నేను బదులు చెప్పలేకపోతిని. ఆ మౌనమే ఈ ప్రసంగమునకు మూలము.

చివర ఒక్క మాట. తాంబూలపు సున్నమును పిల్లల చేతికి అందకుండ నుంచుడు. పొరపాటున కంట పడినచో పసరులు, పాలు పోయకుడు. రెప్పలు తెఱచి పట్టి, వెంటనే శుభ్రమగు నీటిని ధారగా అరగంట వఱకు పోసి కడిగి, కనబడు పలుకులను తొలగించి, ఆలస్యము లేక కంటి వైద్యునికడకు తీసికొనిపోవుడు. గట్టుమీది విత్తులు నిలుచుటయు, నశించుటయు ఆ మొదటి నిమిషములలోనే తేలును. అప్పుడు ప్రక్కనుండునది ఆసుపత్రి కాదు, మీరే.

సెలవు.